ప్రైవేటు బడికి పోతే పోయే గుడ్డు

ప్రశ్న: పేద దేశాల్లో పిల్లల ఆరోగ్యం, చదువు, అసమానతల మీద ఏళ్ళ తరబడి పరిశోధనలు జరుగుతున్నాయి కదా. వాటి వల్ల నిజంగా ఏమైనా తెలిసిందా, లేక రిపోర్టులు రాసుకోవడానికేనా?

తెలిసింది. చాలానే తెలిసింది. కాకపోతే ఆ తెలిసినదాన్ని పట్టించుకునే తీరిక ఎవరికీ లేదు, అందులోనూ "సర్కారు బడికా? మా పిల్లాడినా?" అనేవాళ్ళకి అస్సలు లేదు. పీజీ అయ్యాక నేను కొంతకాలం ఇలాంటి సర్వే ఒకదానిలో ఫీల్డ్ ఇన్వెస్టిగేటర్‌గా పనిచేశాను. ఏ సంస్థో చెప్పను, వాళ్ళ మీద నాలుగు మాటలు అనాలి కాబట్టి. ఈ విషయం వస్తే నాకు నోరు కాస్త ఎక్కువే, ముందే చెప్తున్నా.

పాత మహబూబ్‌నగర్ జిల్లా, అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు. మా సామాను ఎత్తు కొలిచే చెక్క బోర్డు, బరువు మిషను, లావుపాటి ప్రశ్నల పుస్తకం. పిల్లల ఎత్తు కొలవడం చిన్న పని అనుకుంటారు గానీ మడమలు, పిరుదులు, భుజాలు, తల వెనక భాగం అన్నీ బోర్డుకి ఆనాలి, చూపు తిన్నగా ఉండాలి, ఒకరు మోకాళ్ళు పట్టుకుంటే ఇంకొకరు చదవాలి, మిల్లీమీటర్ల దాకా రాయాలి. ఆడపిల్లలకి రిబ్బన్లు కట్టి మడిచిన జడలు నెత్తి మీదికి వస్తాయి, అవి విప్పిస్తే గానీ కొలత రాదు, విప్పితే తల్లి మా వైపు చూసే చూపు వేరు. ఇక ప్రశ్నల సంగతి అడక్కండి. ఇంట్లో ఫ్యానుందా, టీవీ ఉందా, నేల సిమెంటుదా మట్టిదా అని అడుగుతూ పోతే చివర్లో ఆ ఇంటి పెద్ద "మరి లోన్ ఎప్పుడొస్తది మేడం?" అనేవాడు. ఏమీ రాదని చెప్పే బాధ్యత మాది. రిపోర్టు రాసినవాళ్ళు ఆ ఊరికి ఒక్కసారైనా వచ్చి, ఇదిగో మీ పిల్లల గురించి మాకు ఇది తెలిసింది అని చెప్పారా అంటే, నేనున్నంత కాలం చెప్పలేదు. రెండు మూడు గంటలు పనిమానుకుని కూర్చున్న మనిషికి ఆమాత్రం మర్యాద ఉండాలి.

సరే, ప్రశ్నకి వద్దాం. ఈ రకం సర్వేల్లో పెద్దది యంగ్ లైవ్స్. ఆక్స్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళది, 2002లో మొదలైంది. ఇథియోపియా, పెరూ, వియత్నాం, ఇండియా కలిపి నాలుగు దేశాల్లో సుమారు 12,000 మంది పిల్లల్ని చిన్నప్పటి నుంచి పెద్దయ్యే దాకా వెంబడించింది. ఇండియా అంటే వాళ్ళు తీసుకున్నది మన ఉమ్మడి ఆంధ్రప్రదేశే. శ్రీకాకుళం, పశ్చిమ గోదావరి, కడప, అనంతపురం, కరీంనగర్, మహబూబ్‌నగర్, హైదరాబాద్. పేద దేశాల పిల్లల గురించి ప్రపంచంలో ఎక్కడో రాసిన వ్యాసాల వెనక మన పక్కింటి పిల్లల ఎత్తూ బరువూ ఉన్నాయన్నమాట, ఈ సంగతి తెలుగువాళ్ళలో ఎంతమందికి తెలుసో మరి.

ఇప్పుడు నేను చూసింది చెప్తాను. మీ ప్రశ్నకి నా జవాబు అందులోనే ఉంది.

పత్తి ఏరే రోజులు. పెద్దవాళ్ళు చీకటి పడితే గానీ ఇంటికి రారు కాబట్టి మేమూ సాయంత్రాలే తిరిగేవాళ్ళం. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లలు. అక్క ఐదో తరగతి, ఊళ్ళో ప్రభుత్వ బడి. తమ్ముడు రెండో తరగతి, మండల కేంద్రంలో ఇంగ్లీష్ మీడియం, టై, నల్ల బూట్లు, ఆటోలో రావడం పోవడం. వాడి టై తలుపు మేకుకి వేలాడుతోంది. ఇద్దరికీ ఈ తేడా ఎందుకని అడగడం మా పుస్తకంలో ఉంది కాబట్టి అడిగాను. నాయనమ్మ అందుకుంది. "పోరడు నౌకరీ జెయ్యాలె. పిల్లకేందమ్మా, సదువొస్తె సాలు, రేపు లగ్గం జేస్తె పోయేదేనాయె." తల్లి ఏమీ అనలేదు, వేళ్ళకి గుచ్చుకున్న పత్తికాయ ముళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

సర్వేకి ఎంపికైంది తమ్ముడు. నిన్న పొద్దున లేచినప్పటి నుంచి పడుకునే దాకా వాడు తిన్నవన్నీ రాసుకోవాలి. పొద్దున చాయ్, రెండు బిస్కట్లు. మధ్యాహ్నం డబ్బాలో అన్నం, మామిడికాయ తొక్కు, అదీ సగం వెనక్కి తెచ్చాడు. సాయంత్రం గుడ్డు. రాత్రి అన్నం, పచ్చిపులుసు.

గుడ్డు దగ్గర నేను ఆగాను. ఆ ఇంట్లో కోళ్ళు లేవు. కొన్నారా అంటే లేదు. ఎవరైనా ఇచ్చారా అంటే తల్లి నవ్వి ఊరుకుంది. అక్క గుమ్మం దగ్గర నిలబడి కాలి బొటనవేలితో నేల గీకుతోంది. ఇంతలో తమ్ముడే చెప్పేశాడు, "అక్క బడిల గుడ్డు వెడ్తరు. అక్క తెస్తది."

అప్పట్లో బడిలో వారానికి రెండు గుడ్లు. ఆ పిల్ల అన్నం అక్కడే తిని, గుడ్డు మాత్రం తినకుండా తన స్టీలు గ్లాసులో వేసి చేతిరుమాలు కట్టి ఇంటికి తెచ్చేది. తమ్ముడు ఆటో దిగాక ఇద్దరూ పంచుకునేవారు. "నాకు పచ్చది ఇస్తది, అక్క తెల్లది తింటది" అన్నాడు వాడు, అదేదో సరదా ఆటలాగా. నువ్వెందుకు పచ్చది తినవు అని నేను ఆ పిల్లని అడిగితే "నాకు మంచిగనిపియ్యది" అంది. నాయనమ్మ గయ్యిమంది, "ఎందుకు మంచిగనిపియ్యది? మొన్న పండుగకి కోసినప్పుడు కోడి కడుపుల పచ్చది మొత్తం నువ్వే తిన్నవ్ గద!" అందరూ నవ్వారు, పిల్ల కూడా నవ్వింది.

ఇక నా తలనొప్పి మొదలైంది. ఫారంలో ఆ తిండి ఎక్కడి నుంచి వచ్చిందో రాయడానికి గడులున్నాయి. కొన్నది, ఇంట్లో పండింది, ఎవరో ఇచ్చింది, బడిలో పెట్టింది. బడిలో పెట్టింది అంటే వాడి బడి. వాడి బడి వాడికి మంచినీళ్ళు తప్ప ఏమీ పెట్టదు. సూపర్‌వైజర్‌కి ఫోన్ చేశాను. "ఇంట్లో తిన్నాడా లేదా? ఇల్లు అని రాసి ముందుకెళ్ళు, ఇంకా మూడిళ్ళున్నాయి" అన్నాడు. రాశాను. ఆ డేటా పట్టుకుని ఎక్కడో ఎవరో ప్రైవేటు బళ్ళ పిల్లలు ఇంట్లో గుడ్లు తింటున్నారని టేబుల్ వేసుకుని ఉంటారు.

మా దగ్గర అక్కకి కూడా ఎత్తు, బరువు కొలిచే ఫారం ఉంది, జడలు విప్పించి కొలిచాం. ఆమె వయసుకి ఆ ఎత్తు చాలదు. ఆ గుడ్డు సొన ఎవరికి పోతోందో చూశాక నాకు పెద్ద ఆశ్చర్యమేమీ వెయ్యలేదు.

అప్పటి నుంచి నా వాదన ఒకటే. మన దగ్గర చదువులో అసమానత గురించి మాట్లాడేవాళ్ళంతా మీడియం, ఫీజులు, టీచర్ల దగ్గర ఆగిపోతారు. అసలు లెక్క తిండి దగ్గర ఉంది. పేద కుటుంబం అప్పుచేసి పిల్లాడిని ప్రైవేటు బడిలో వేసిన రోజున వాళ్ళు కట్టేది ఫీజు ఒక్కటే కాదు, బడి పెట్టే అన్నం కూడా వదులుకుంటున్నారు. నిబంధనల ప్రకారం ప్రాథమిక బడి పిల్లలకి రోజుకి 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు, ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా 700 కేలరీలు, 20 గ్రాములు. నీళ్ళ సాంబారని, పురుగులన్నమని వార్తలొస్తాయి, నిజమే, నేనూ నీళ్ళ పప్పు చూశాను. అయినా ఆ నీళ్ళ పప్పు, వారానికి రెండు గుడ్లు కలిపి చూడండి, ఆటోలో ఎగురుతూ పోయిన డబ్బాలో తొక్కు అన్నం కన్నా ఎన్నో రెట్లు నయం.

ఇది నా ఊహే అంటారా? మన రాష్ట్రాల పిల్లల మీదే వచ్చిన పని చూడండి. సుప్రీంకోర్టు 2001 నవంబరులో బళ్ళలో వండి పెట్టాల్సిందే అంది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2003 జనవరిలో మొదలైంది. అదే సమయంలో కరువు. యంగ్ లైవ్స్ పిల్లల కొలతలు తీసుకుని అభిజీత్ సింగ్, ఆల్బర్ట్ పార్క్, స్టెఫాన్ డెర్కాన్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు లెక్కలు కట్టారు. పసితనంలో కరువు దెబ్బకి తగ్గిన ఎత్తూ బరువూ బడి భోజనం తిన్న పిల్లల్లో పూడుకుపోయాయని తేలింది. ఇంతకన్నా ఏం కావాలండీ? ఒక ప్రభుత్వ పథకం పిల్లల ఎముకల్లో కనిపించింది. ఇంకొంచెం వెనక్కి వెళితే, జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాకలో ఉన్న ఎన్‌ఐఎన్, 1987 నుంచి 1990 దాకా రంగారెడ్డి జిల్లా ఊళ్ళలో గర్భిణులకీ చిన్నపిల్లలకీ మొక్కజొన్న, సోయా కలిపిన ఉప్మా పెట్టింది. కొన్ని ఊళ్ళలో పెట్టారు, కొన్నిట్లో లేదు. ఆ పిల్లలు 13 నుంచి 18 ఏళ్ళవాళ్ళయ్యాక కొలిస్తే ఉప్మా ఊళ్ళవాళ్ళు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు, గుండె జబ్బు, షుగరుకి దారితీసే లక్షణాలు కూడా వాళ్ళలో తక్కువ కనిపించాయి. పద్నాలుగు మిల్లీమీటర్లేనా అని నవ్వకండి, బోర్డు మీద కొలిచినవాళ్ళకి తెలుస్తుంది అదెంతో. ఎక్కడో గ్వాటెమాలాలో 1969 నుంచి 1977 దాకా పిల్లలకి పోషకాల జావ పోస్తే, మూడేళ్ళ లోపు తాగిన మగపిల్లలు పెద్దయ్యాక గంటకి సంపాదించే కూలి 46 శాతం దాకా ఎక్కువ ఉందట.

ఈ గ్వాటెమాలా లెక్క చూపించే కొందరు, మొదటి వెయ్యి రోజులు, అంటే కడుపులో పడ్డప్పటి నుంచి రెండేళ్ళు నిండేదాకా, దాటితే ఇక ఏం చేసినా లాభం లేదు అని తేల్చేస్తుంటారు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది. యంగ్ లైవ్స్ డేటాలోనే ఏడాది వయసులో గిడసబారిన, అంటే వయసుకి తగ్గ ఎత్తు లేని పిల్లలు చాలామంది తర్వాత్తర్వాత పుంజుకున్నారు. బడి వయసులో పెట్టే తిండికి విలువ ఉంది. మన దేశంలోనే, చిన్నప్పుడు బడిలో మధ్యాహ్న భోజనం తిన్న ఆడపిల్లలు తల్లులయ్యాక వాళ్ళ పిల్లల్లో గిడసబారడం తక్కువ ఉందని 2021లో ఒక పరిశోధన వచ్చింది. అంటే నేను చూసిన ఆ పిల్ల వదులుకున్న సొన ఆమెతోనే ఆగదు.

మరి ఇంత తిండి మానుకుని ప్రైవేటుకి పంపితే ఏం ఒరిగింది? దానికీ మన దగ్గరే జవాబుంది. ఉమ్మడి రాష్ట్రంలో పల్లె పిల్లలకి లాటరీ తీసి ప్రైవేటు బడి ఫీజు కట్టి నాలుగేళ్ళు చూశారు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్. తెలుగులో, లెక్కల్లో సర్కారు బడి పిల్లలకీ వీళ్ళకీ తేడా లేదు. హిందీ మాత్రం బాగా వచ్చింది. ఒక్కో పిల్లాడి మీద ప్రైవేటు బడి పెట్టే ఖర్చు సర్కారు ఖర్చులో మూడోవంతు కూడా లేదని, తక్కువ డబ్బుతో అంతే చదువు చెప్పారు కాబట్టి అదీ గొప్పేనని వాళ్ళు అంటారు, కాదనను. కానీ ఆ పిల్లాడి మధ్యాహ్నపు డబ్బా కూడా లెక్కలో వేసుకోవాలి కదా. ఇంకో పక్క, అన్నీ తిండితోనే అయిపోవు, ఆ మాటా ఒప్పుకోవాలి. యంగ్ లైవ్స్ నాలుగు దేశాల్లో ఏడాది చదువుకి ఎక్కువ నేర్చుకున్నది వియత్నాం పిల్లలు. అక్కడి బళ్ళలో ఏదో ఉంది.

మధ్యలో ఇంకో మాట. గుడ్డు మీద పిల్లలు కాని వాళ్ళందరికీ అభిప్రాయాలే. మధ్యప్రదేశ్‌లో 2015లో అంగన్‌వాడీల్లో గుడ్డు వద్దని ముఖ్యమంత్రే అన్నారు. తినని పిల్లలకి అరటిపండు ఇవ్వండి, ఎవరు కాదన్నారు? జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 2019-21లో తెలంగాణలో ఐదేళ్ళ లోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత, ఆంధ్రప్రదేశ్‌లో 63 శాతం. ఈ అంకెలు పక్కన పెట్టుకుని గుడ్డు మన సంస్కృతి కాదని ఎలా అంటారో నాకర్థం కాదు.

"అయితే ప్రైవేటు బళ్ళలో కూడా సర్కారు భోజనం పెట్టాలంటారా?" అని కింద కామెంట్లలో ఎవరో ఒకరు అడుగుతారు, తెలుసు. అంటాను. కార్పొరేట్ స్కూళ్ళ గురించి కాదు, రేకుల షెడ్డులో నడిచే మండల కేంద్రం ఇంగ్లీష్ మీడియంల గురించి. సర్కారు డబ్బుతో ప్రైవేటువాళ్ళు నడిపే ఎయిడెడ్ బళ్ళలో ఇప్పటికే పెడుతున్నారు, కాబట్టి ప్రైవేటు యాజమాన్యం అన్నది అడ్డు కాదు. విద్యాహక్కు చట్టం కింద 25 శాతం సీట్లలో చేరే పేద పిల్లలకి ఫీజు ప్రభుత్వం కడుతుంది గానీ అన్నం పెట్టదు, ఇదేం లెక్క? యాజమాన్యాలు దొంగ హాజరు వేసి బియ్యం అమ్ముకుంటాయంటారు. సర్కారు బళ్ళలో ఆ భయం లేదా, అక్కడ మానేశామా? డబ్బెక్కడిదంటారా, అదే పిల్లాడు రేపు టై విప్పేసి ఊళ్ళో బడికి వస్తే పెట్టాల్సిందేగా, ఆ డబ్బే.