కాల్స్, మెసేజ్‌లకు ఏ యాప్?

ప్రశ్న: సింపుల్ డయలర్, సింపుల్ ఎస్ఎంఎస్ మెసెంజర్ 2023లో చేతులు మారాయట. వాటికి బదులు ఓపెన్ సోర్స్‌లో ఏవి వాడాలి?

జవాబు: ఆ పాత కోడ్‌తోనే వచ్చిన ఫాసిఫై ఫోన్, ఫాసిఫై మెసేజెస్ వాడండి. ఓపెన్ సోర్స్ యాప్‌ల స్టోర్ ఎఫ్-డ్రాయిడ్‌లో దొరుకుతాయి, ప్రకటనలుండవు. మెసేజెస్‌లో ఫలానా మాట ఉన్న ఎస్ఎంఎస్‌లనూ ఆపవచ్చు. అయితే ‘లోన్’ అని ఒక్క ముక్క పెడితే మీ బ్యాంకు వాయిదా కబురూ ఆగిపోతుంది. పూర్తి పదబంధమే ఇవ్వండి. పంపాక కొన్ని సెకన్లలో రద్దు చేసుకునే వీలు కావాలంటే క్విక్ అనే మరో ఓపెన్ సోర్స్ ఎస్ఎంఎస్ యాప్ మంచిది.

అసలు చిక్కు ఆర్‌సీఎస్, అంటే ఇంటర్నెట్ మీదుగా వెళ్లే కొత్త తరహా మెసేజ్‌లు. ఫాసిఫై మెసేజెస్, క్విక్ రెండింటిలోనూ అది లేదు. గూగుల్ మెసేజెస్‌లో ముందే ఆర్‌సీఎస్ చాట్స్ ఆపేయండి, లేకపోతే మిత్రుల సందేశాలు పాత యాప్‌కే పోతాయి. తర్వాత సెట్టింగ్స్‌లో యాప్స్, డిఫాల్ట్ యాప్స్, ఎస్ఎంఎస్ యాప్‌లోకి వెళ్లి కొత్తదాన్ని ఎంచుకోండి.