ఎన్నారై సందేహాలు: సోమవారం ఫుటీ మాటల్లో నేనెలా కలవాలి?

"అక్కా, మెల్‌బోర్న్ వచ్చి నాలుగు నెలలైంది. మా ఆఫీసు టీమ్‌లో ముగ్గురు నార్త్ మెల్‌బోర్న్ అనే ఫుటీ (ఇక్కడి ఆస్ట్రేలియన్ ఫుట్‌బాల్) జట్టు అభిమానులు. సోమవారం వచ్చిందంటే చాలు, డిఫెన్స్ బాగోలేదని ఒకరు, ఫలానా కుర్రాణ్ని వెనకే ఆడించాలని ఒకరు, కాదు మధ్యలో ఆడించాలని ఇంకొకరు గంటసేపు వాదించుకుంటారు. ఎప్పుడూ ఓడిపోయే జట్టు గురించి అంత వాదన ఎందుకో నాకు అర్థం కాదు. వెనక అంటే ఏమిటో, మధ్య అంటే ఏమిటో కూడా తెలియదు. నవ్వి ఊరుకుంటున్నాను. ఈ ఆట నేర్చుకోవడం నిజంగా అవసరమా?"

తమ్ముడూ, అవసరమే. నేను 2009లో వచ్చాను. మొదటి మూడేళ్ళు నేనూ టీ కప్పు పట్టుకుని ఇలాగే పక్కన నిలబడ్డాను. పని గురించి అందరితో మాట్లాడేదాన్ని. పని అయ్యాక ఒక్కరితోనూ మాట ఉండేది కాదు. ఆ మూడేళ్ళ ఒంటరితనం నీకు రాకూడదనే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

నీ పక్కన ఉన్నది నార్త్ అభిమానులు కావడం నీ అదృష్టం. గెలిచే జట్టు వాళ్ళు స్కోరు చెప్పుకుని సంతోషపడి పనిలో పడిపోతారు. ఓడే జట్టు వాళ్ళు ఎందుకు ఓడామో విప్పి చూసుకుంటారు. ఆట నేర్చుకోవాలంటే అలాంటి వాళ్ళ పక్కనే కూర్చోవాలి.

ముందు మైదానం సంగతి. క్రికెట్ మైదానమే అనుకో. ఎంసీజీలో వేసవిలో క్రికెట్, చలికాలంలో ఫుటీ. నిలువున సుమారు 160 మీటర్లు. జట్టుకు 18 మంది. రెండు చివర్లా నాలుగేసి స్తంభాలుంటాయి. నడిమి రెండు పొడవాటి స్తంభాల మధ్య నుంచి తన్నిన బంతి ఎవరికీ తగలకుండా పోతే గోల్, 6 పాయింట్లు. పక్క సందులో నుంచి పోతే బిహైండ్, 1 పాయింటు. టీవీ మీద 12.8.80 అని కనిపిస్తే 12 గోల్స్, 8 బిహైండ్లు, మొత్తం 80 అని అర్థం. కనీసం 15 మీటర్ల దూరం నుంచి తన్నిన బంతిని నేల తాకకముందే పట్టుకుంటే అది మార్క్. పట్టుకున్నవాడు ఆగి, తీరిగ్గా చూసుకుని తన్నొచ్చు. ఈ నాలుగు ముక్కలతో మొదటి మ్యాచ్ చూడొచ్చు. మిగతావి చూస్తుంటే వస్తాయి.

ఇక వెనక వరస. మనం టీవీలో చూసే ఫుట్‌బాల్‌లో ఆఫ్‌సైడ్ ఉంది, ఇక్కడ లేదు. ఎవరైనా ఎక్కడైనా నిలబడొచ్చు. 2019 నుంచి ఒక్క కట్టుబాటు మాత్రం పెట్టారు: నడి మైదానంలో బంతి వేసి ఆట మొదలుపెట్టే ప్రతిసారీ రెండు జట్లూ వెనక ఆరుగురు, మధ్య ఆరుగురు, ముందు ఆరుగురుగా ఉండాలి. బంతి ఆటలోకి వచ్చాక ఆ లెక్క ఉండదు. ఎదుటివాడు తన ముందు వరసను ఖాళీ చేసి, మన డిఫెండర్లను పైకి లాగి, వాళ్ళ వీపు వెనక ఖాళీలోకి బంతి కొట్టొచ్చు. కాపాడుకోవాల్సిన చోటు అంత పెద్దది కాబట్టే డిఫెన్స్ గురించి ఇన్ని వాదనలు.

ఆ ఆరుగురూ ఒకే పని చేయరు. పొడగరులు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళని కీ డిఫెండర్లంటారు. ఎదుటి జట్టు పొడగరి ఫార్వర్డ్ పక్కనే ఉండి, వాడికి మార్క్ దక్కకుండా చూడటం వాళ్ళ పని. పట్టుకోలేమనుకుంటే పిడికిలితో బంతిని కొట్టి పక్కకు తోసేస్తారు, అది స్పాయిల్. ఇంకో రకం వాళ్ళు ఎదుటివాళ్ళు తన్నిన బంతి ఎక్కడ పడుతుందో ముందే పసిగట్టి, తమ మనిషిని వదిలి వచ్చి మార్క్ పట్టేస్తారు. చురుకైన చిన్న డిఫెండరు ఒకడు గోల్ దగ్గర నేల మీద పడ్డ బంతి కోసం తిరిగే చిన్న ఫార్వర్డుకు కాపలా. ఇక హాఫ్ బ్యాక్‌లు. బంతి చేతికి రాగానే అక్కడి నుంచి ఎదురుదాడి మొదలుపెట్టేది వీళ్ళే. అందుకే మంచి కాలున్నవాణ్ని అక్కడ పెడతారు.

నల్గొండలో మా బడిలో కబడ్డీ ఆడేటప్పుడు పీఈటీ సారు ఒకటే అరిచేవారు: "కార్నర్ తొందరపడొద్దు, కవర్ వచ్చేదాకా ఆగు." రైడర్ కాలు దొరికేలా ఉందని కార్నర్ ఒంటరిగా దూకితే, వాడు తప్పించుకుని ఇద్దర్ని తాకి వెళ్ళిపోతాడు. ఇక్కడా అంతే. మార్క్ పడదామని ఒక కుర్ర డిఫెండరు తన మనిషిని వదిలి వస్తాడు. చేయి అందదు. వదిలేసిన మనిషి వెనక ఒక్కడే నిలబడి ఉంటాడు. చూసేవాళ్ళకి ఆ గోల్ ఆ కుర్రాడి తప్పులా కనిపిస్తుంది. అతను వదిలిన చోటును నింపాల్సిన రెండోవాడు ఎక్కడున్నాడన్నది అసలు ప్రశ్న. మీ ఆఫీసులో వాదన సగం దీని చుట్టూనే తిరుగుతుంటుంది.

ఇప్పుడు నార్త్ సంగతికి వస్తాను. ఈ జట్టుకు 1975, 1977, 1996, 1999లలో నాలుగు కప్పులు ఉన్నాయి. 2020 నుంచి 2025 దాకా మాత్రం ఆరు సీజన్లలో ఒక్కసారి కూడా చివరి మూడు స్థానాల పైకి రాలేదు. 2021, 2022లలో 18 జట్లలో 18వది. హాథార్న్ జట్టుకు నాలుగు కప్పులు తెచ్చిన అలిస్టర్ క్లార్క్‌సన్ 2023 నుంచి కోచ్. ఆయన మొదటి సీజన్‌లో జట్టు తొలి రెండు మ్యాచ్‌లు గెలిచింది, తర్వాత వరసగా 20 ఓడింది, ఆఖరి మ్యాచ్ గెలిచింది. ఆ ఆఖరి గెలుపుతోనే చివరి స్థానం తప్పి 17వది అయింది.

ఇక్కడ ఐపీఎల్ లాగా వేలం ఉండదు. ఏటా డ్రాఫ్ట్‌లో అట్టడుగు జట్టు కొత్త కుర్రాళ్ళలో మొదటివాణ్ని ఎంచుకుంటుంది. ఆ సంవత్సరం మొదటి ఎంపిక అలా నార్త్‌కు బదులు అట్టడుగున మిగిలిన వెస్ట్ కోస్ట్ జట్టుకు వెళ్ళింది, వాళ్ళు హార్లీ రీడ్‌ను తీసుకున్నారు. నార్త్ ఆ ఆఖరి మ్యాచ్ కూడా ఓడి ఉంటే బాగుండేదని అన్నవాళ్ళను నేను చూశాను. ఆ మాట నాకు నచ్చదు. 20 మ్యాచ్‌లు ఓడి, ఆ రోజు గెలిచి కౌగిలించుకున్న పిల్లలకు, మీరు ఓడాల్సింది అని ఎలా చెబుతాం?

నువ్వు వినే "వెనకా, మధ్యా" వాదనలో ఎక్కువగా వచ్చే పేరు హ్యారీ షీజెల్. 2022 డ్రాఫ్ట్‌లో మూడో ఎంపిక. వచ్చింది గోల్స్ కొట్టే ఫార్వర్డుగా. 2023లో క్లార్క్‌సన్ అతణ్ని హాఫ్ బ్యాక్‌లో దింపాడు. మొదటి మ్యాచ్‌లోనే 34 సార్లు బంతిని అందుకుని పంపించాడు. ఆ ఏడాది లీగ్‌లో ఉత్తమ యువ ఆటగాడికిచ్చే రైజింగ్ స్టార్, క్లబ్బులో ఉత్తమ ఆటగాడికిచ్చే సిడ్ బార్కర్ మెడల్, రెండూ అతనివే. మొదటి సీజన్‌లో! తర్వాతి ఏడాది నుంచి అతణ్ని మధ్యలోకి మార్చడం మొదలైంది, వాదనా మొదలైంది.

మా పక్కింట్లో తండ్రీకూతుళ్ళిద్దరూ నార్త్ మనుషులే. ఒక ఆదివారం బార్బెక్యూ దగ్గర ఇద్దరి మాటలూ విన్నాక నాకు ఈ విషయం బోధపడింది. తండ్రి మాట: బంతి మన గోల్ దగ్గర నుంచి బయటపడేటప్పుడే మనం తప్పులు చేస్తున్నాం, కాబట్టి జట్టులో బాగా తన్నగలవాడు అక్కడే ఉండాలి. కూతురి మాట: వెనక అతనికి వచ్చే బంతి తేలిక బంతి, పక్కన ఎవరూ లేకుండా తీసుకుని పంపిస్తాడు, మధ్యలో నలుగురి నడుమ బంతి లాగగలిగినవాడే జట్టును మారుస్తాడు. ఇద్దరిదీ ఆలోచించి చెప్పిన మాటే. నేను ఇప్పుడు కూతురి వైపు. మధ్యలో బంతి పోగొట్టుకుంటే అది వేగంగా వెనక్కి వస్తుంది, మన డిఫెండర్లు సర్దుకునే లోపే ఎదుటివాడు పరుగు మీద ఉంటాడు. అలా వచ్చే బంతిని ఎంత మంచి డిఫెండరు అయినా ఎన్నిసార్లు ఆపగలడు? అయితే పద్దెనిమిదేళ్ళ కుర్రాణ్ని మొదటి ఏడాదే ఆ తోపులాటలోకి పంపకుండా వెనక ఉంచి ఆట మొత్తాన్ని చూడనిచ్చారు చూడు, అది సరైన పనే.

అదే దారిలో 2023లో రెండో ఎంపికగా టాస్మేనియా నుంచి వచ్చిన కోల్బీ మెకర్చర్, 2024లో రెండో ఎంపికగా వచ్చిన ఫిన్ ఓసలివన్ కూడా ముందు హాఫ్ బ్యాక్‌లో ఆడారు. ఇద్దరూ నిజానికి మధ్యలో ఆడేవాళ్ళే. 2025కి బుల్‌డాగ్స్ జట్టు నుంచి క్యాలెబ్ డేనియల్‌ను తెచ్చారు. 168 సెంటీమీటర్ల మనిషి, అద్భుతమైన కాలు, 2016 కప్పు గెలిచిన అనుభవం. ఇక్కడ ఒక న్యాయమైన ఫిర్యాదు ఉంది: బంతి తీసుకుని పరుగెత్తేవాళ్ళు ఇంతమంది అయితే, ఎదుటివాడి చొక్కా వదలకుండా నిలబడేదెవరు? అందరూ ముందుకు విచ్చుకున్నాక చేతి పాస్ ఒకటి తప్పిందంటే వెనకంతా ఖాళీ. నార్త్ మ్యాచ్‌లలో అభిమానుల గుండె జారే క్షణం అదే. పక్క గీత వెంబడి పొడవుగా తన్నేసి ఊపిరి పీల్చుకోవచ్చు కదా అని కొందరంటారు. అలా ఆడితే పిల్లలు ఎప్పుడు నేర్చుకుంటారని ఇంకొందరు. ఇందులో మాత్రం నేను రెండోవాళ్ళతో ఉంటాను, ఓటమి పెద్దదైనా సరే.

చార్లీ కోంబెన్‌ది ఇంకో కథ. పొడగరి, ఫార్వర్డుగా పెరిగినవాడు. 2023 చివర కీ డిఫెండర్ బెన్ మెక్‌కే ఎసెండన్ జట్టుకు వెళ్ళిపోయాడు. 2024లో కోంబెన్‌ను వెనక్కి తెచ్చారు. గాలిలో బంతిని చదవగలడు కాబట్టి ఎదుటివాళ్ళు తన్నిన బంతిని మధ్యలోనే పట్టేస్తాడు, వాటిని ఇంటర్‌సెప్ట్ మార్కులంటారు. అదే సమయంలో ముందు నిక్ లార్కీకి తోడు కావాలి. 2023లో 71 గోల్స్ కొట్టిన లార్కీ మీద ఇద్దరు ముగ్గురు డిఫెండర్లు పడుతుంటే రెండో పొడగరి ఎవరన్న ప్రశ్న వస్తుంది. దుప్పటి చిన్నది, తలకు లాగితే కాళ్ళకు చాలదు. ఇలాంటి జట్టులో ప్రతి స్థానం చర్చా చివరికి ఇక్కడికే వస్తుంది.

కొన్ని జాగ్రత్తలు. నీ జట్టు ఏదని అడిగేటప్పుడు "బ్యారక్" అన్న మాట వాడతారు. అమెరికా వాళ్ళలా "రూట్" అనొద్దు, ఇక్కడ అది బూతు. సోమవారం పొద్దున్నే "మళ్ళీ ఓడారా" అని మొదలుపెట్టొద్దు, వాళ్ళ జట్టును వాళ్ళు తిట్టుకోవచ్చు గాని నువ్వు కాదు, కనీసం ఒక సీజన్ దాకా. ఆఫీసులో టిప్పింగ్ ఉంటే పేరు ఇవ్వు, ప్రతి వారం ఎవరు గెలుస్తారో చెప్పడమే. ఫోన్లో డబ్బు పెట్టే పందేల జోలికి మాత్రం పోవద్దు. మన పిల్లలు కొందరు అందులో పడి ఇంటికి పంపాల్సిన డబ్బు పోగొట్టుకోవడం నా కళ్ళతో చూశాను. స్టేడియానికి వెళ్ళడానికి భయం అక్కర్లేదు. ఇక్కడ రెండు జట్ల వాళ్ళూ కలిసే కూర్చుంటారు, చంటిపిల్లలతో వస్తారు. డాక్‌లాండ్స్‌లోని మార్వెల్ స్టేడియం సదరన్ క్రాస్ స్టేషన్ నుంచి నడక దూరమే. నార్త్ ఆడవాళ్ళ జట్టు 2024లో ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా కప్పు గెలిచింది, వాళ్ళ వెనక వరస ఎలా కలిసి కదులుతుందో చూస్తే నీకు సగం పాఠం అక్కడే వస్తుంది. రేపు పెళ్ళయి పిల్లలు పుట్టాక, చిన్నపిల్లలకు ఫుటీ నేర్పే ఆస్కిక్‌లో చేర్చు. మా వాడు అక్కడ చేరాకే మా వీధిలో వాళ్ళ పేర్లు నాకు తెలిశాయి.

వచ్చే మ్యాచ్‌కి టీవీ చాలదు, మైదానానికే వెళ్ళు. టీవీ బంతినే చూపిస్తుంది. పై మెట్టు మీద గోల్ వెనక కూర్చో. ఒక క్వార్టర్ (ఆటలో నాలుగో వంతు) పాటు బంతిని వదిలేసి నార్త్ వెనక ఆరుగుర్నే చూడు. బంతి అవతలి చివర ఉన్నప్పుడు వాళ్ళు ఎంత ముందుకు వస్తున్నారు, బంతి చేజారగానే ఎవరు ముందు వెనక్కి తిరుగుతున్నారు, ఎవరు చేయి చూపించి పక్కవాణ్ని పిలుస్తున్నారు, ఇవే చూడు. సోమవారం టీ దగ్గర ఆ ముగ్గురిలో పెద్దాయన్ని ఒక్క మాట అడుగు: "ఆ గోల్ పడ్డప్పుడు కోంబెన్ బంతి కోసం ముందుకు వచ్చాడు కదా, వెనక అతని చోటులోకి ఎవరు రావాలి?" ఆయన కప్పు పక్కన పెట్టి, బల్ల మీద చక్కెర పొట్లాలు పేర్చి చూపించడం మొదలుపెడతాడు. ఆ రోజు మీటింగుకు కాస్త ఆలస్యమైనా ఏం కాదులే.