పాత చర్చిల్లో చూడటానికి ఏముంటుందా? ఆష్‌వెల్ గోడ చూసి రండి

"ఇంగ్లాండ్ పల్లెల్లో పాత చర్చిలన్నీ ఒకేలా ఉంటాయి కదా, పనిగట్టుకుని వెళ్లి చూడాలా?" అని ఒకరు అడిగారు. ఇంగ్లాండ్‌లోని స్టీవనేజ్ ఊళ్లో ఉద్యోగం చేసిన మొదటి రెండేళ్లు నాదీ ఇదే మాట. ఆష్‌వెల్ ఊళ్లో సెయింట్ మేరీ చర్చి చూశాక మళ్లీ అనలేదు.

ఊరు చిన్నది, చర్చి టవర్ మాత్రం 176 అడుగులు. 14వ శతాబ్దంలో మెత్తటి సుద్దరాయితో కట్టారు. దీన్ని "ఆంగ్లికన్‌లు (పోపును కాదన్న ఇంగ్లాండ్ చర్చి వాళ్లు) కట్టిన చర్చి" అని రాసేవాళ్లను చూస్తే నాకు చిరాకు. అప్పటికి ఇంగ్లాండ్ మొత్తం పోపు కిందే ఉండేది. 1534లో ఎనిమిదో హెన్రీ రోమ్‌తో తెగతెంపులు చేసుకున్నాడు, గోడలు అవే, పెత్తనం మారింది, అంతే.

నేను వెళ్లిన ఏడు సంక్రాంతి శనివారం పడింది. లోపల పూలు సర్దుకుంటున్న ఒక పెద్దావిడ తప్ప ఎవరూ లేరు. టవర్ కింద ఉత్తరం గోడ చూపించారు. నాకు గీతలు తప్ప ఏమీ కనపడలేదు. ఫోన్ టార్చ్ ఎదురుగా వేస్తే లాభం లేదు, గోడకు ఆనించి పక్కనుంచి వేయమన్నారు. వేయగానే అక్షరాల అంచులకు నీడ పడి ఒక్కొక్కటీ పైకి లేచింది, చేతి మీద రోమాలు నిక్కబొడుచుకున్నాయి.

లాటిన్‌లో ఏదో మొనతో గీకిన రాత. 1350 అని వేసి, చెప్పుకోలేని ఘోరం, సాక్ష్యానికి మిగిలింది జనంలో అడుగూబొడుగూ వాళ్లేనని ఉంది. అంతకు ముందే ప్లేగు వచ్చి దేశంలో దాదాపు సగం మందిని ఊడ్చుకుపోయింది. ఆ కిందే 1361, మారస్ అనే సెయింట్ పండగ రోజున పెనుగాలి లోకమంతా గర్జించిందని ఉంది. అప్పట్లో సంవత్సరం మార్చి 25న మారేది కాబట్టి ఇప్పటి లెక్కలో అది 1362, మారస్ పండగేమో జనవరి 15. నేను అక్కడ నిలబడ్డ తేదీ అదే! పొద్దున్నే అమ్మ వీడియో కాల్‌లో ముగ్గు చూపించింది, మధ్యాహ్నానికి నేను ఈ గోడ ముందు.

అది రాసింది ఇంట్లో వాళ్లను పోగొట్టుకున్న మనిషేనని నా గట్టి నమ్మకం. ప్లేగు మీద పది పుస్తకాలు చదవడం కంటే ఆ గోడ దగ్గర పది నిమిషాలు నిలబడటం మేలు. ఇంకోచోట, మూలలు సరిగ్గా అతకలేదు, థూ, అని ఎవడో విసుక్కున్నాడు. రాళ్లు చెక్కే మేస్త్రీయే అయ్యుంటాడు. రాజుల చరిత్రలో ఇలాంటి మనిషి దొరకడు.

దాదాపు ఏడు వందల ఏళ్ల పిచ్చి గీతలను వాళ్లు చెరపకుండా ఉంచుకున్నారు. మా ఊరి శివాలయంలో శాసనం ఉన్న రాతి స్తంభానికి, కుంభాభిషేకం పేరుతో పసుపురంగు ఎనామెల్ పెయింట్ రెండు పూతలు వేసేశారు. చిన్నప్పుడు ఆ అక్షరాల్లో వేలు పెట్టి దిద్దేవాళ్లం, మొన్న వెళ్లి తడిమితే వేలికి ఏమీ తగల్లేదు. నాకు అప్పటినుంచీ మనసు మనసులో లేదు.

వెళ్తే జనవరిలోనే వెళ్లండి, టార్చ్ మర్చిపోవద్దు. స్టేషన్ ఊరికి దూరం, నడక తప్పదు.