తినే సోడా రోజూ తాగొచ్చా? మా నాయన ఆరు నెలలు తాగాడు

మీరు అడిగింది రెండు సంగతులు. భోజనం తర్వాత రోజూ చెంచాడు తినే సోడా నీళ్లలో కలుపుకొని తాగితే గ్యాస్ పోయి బరువు కూడా తగ్గుతుందా అని ఒకటి, అది ఇంట్లో ఇంకా దేనికి పనికొస్తుందని ఇంకోటి. మాది దేవరకొండలో కిరాణా షాపు, నాయన పెట్టింది, ఇప్పుడు నేను చూసుకుంటున్నా. నేను డాక్టర్‌ని కాదు. కానీ రోజుకు పది మందినైనా "తినే సోడానా, బట్టల సోడానా" అని అడిగి పొట్లం కట్టే మనిషిని, పైగా మా ఇంట్లోనే ఒక కథ నడిచింది కాబట్టి రాస్తున్నా.

ముందు ఆ ప్రశ్న ఎందుకు అడుగుతానో చెప్తా. తినే సోడా, వంట సోడా, సోడా ఉప్పు, బేకింగ్ సోడా అన్నీ ఒకటే, సోడియం బైకార్బనేట్. బట్టల సోడా వేరు, అది సోడియం కార్బనేట్, ఘాటు చాలా ఎక్కువ, నోట్లో పడితే నోరూ గొంతూ కాలిపోతాయి. చూస్తే రెండూ తెల్లగానే ఉంటాయి. విడిగా కొని పేరు రాయని డబ్బాలో పోసుకున్న ఇళ్లలో పొరపాటు జరగడానికి ఒక్క పూట చాలు. లోపలికి పోయేదైతే పేరు అచ్చేసిన పాకెట్టే కొనండి, పది రూపాయల దగ్గర కక్కుర్తి వద్దు. బేకింగ్ పౌడర్ కూడా ఇది కాదు, సోడాలోనే పొడిగా ఉండే పులుపు, పిండి కలిపి చేసింది, కేకులకు.

ఇక నాయన సంగతి. సోడా డబ్బా గల్లా వెనకాల అరలో, చెయ్యి చాపితే అందేటట్టు ఉండేది. సాయంత్రం ఎదురు బండి మీద మిర్చీలు నాలుగు, మధ్యలో ఐదారు చాయలు, రాత్రి పదిన్నరకు షట్టర్ దించి ఇంటికొచ్చి కడుపు నిండా అన్నం తిని వెంటనే పడక. ఛాతీ మంట రాకుండా ఎట్లుంటుంది? ఎవరో చెప్పారని మొదలుపెట్టాడు. గ్లాసులో చెంచాడు సోడా, సగం నిమ్మకాయ పిండడం, బుస్సుమని పొంగుతుంటే ఆ పొంగు తగ్గకముందే గటగటా తాగడం, రెండు నిమిషాలకు వీధి చివరికి వినబడేంత తేన్పు. "పోయిందిరా గ్యాస్" అనేవాడు నవ్వుతూ.

అసలు మోసం ఆ తేన్పులోనే ఉంది. సోడా కడుపులోని ఆమ్లంతో కలిస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, నిమ్మరసంతో గ్లాసులో పొంగిందే లోపల మళ్లీ పొంగుతుంది. అంటే బయటికొచ్చింది పట్టేసిన గ్యాస్ కాదు, సోడా తయారు చేసిన గ్యాసే. మంట మాత్రం నిజంగానే తగ్గుతుంది, ఆమ్లం విరుగుతుంది కాబట్టి. కానీ కాసేపే. మిర్చీలు, చాయ, తిన్న వెంటనే పడక అట్లనే ఉంటే మంట మళ్లీ వస్తుంది, మళ్లీ చెంచా. రోజుకొకసారి కాస్తా రెండుసార్లయింది, అట్లా ఆరు నెలలు.

నాయనకు బీపీ ఉంది, మాత్ర వేసుకుంటాడు. ఆ ఆరు నెలల్లో బీపీ ఒక పట్టాన దిగలేదు. సాయంత్రమయ్యేసరికి కాళ్లు వాచేవి, మడమ పైన వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అట్లనే ఉండేది. అమ్మ కూరల్లో ఉప్పు తగ్గించింది, పచ్చళ్లు మాన్పించింది, అప్పడాలు కూడా బంద్. నాయన చప్పిడి కూర తినలేక రోజూ గొడవ. నల్లగొండ తీసుకెళ్తే డాక్టర్ మాత్ర మార్చాడు, కొన్ని బీపీ మాత్రలకు కూడా కాళ్లు వాస్తాయి అన్నాడు. రెండోసారి పోయినప్పుడు రక్త పరీక్షలో పొటాషియం తక్కువ వచ్చింది. అప్పుడడిగాడు, మందులు కాకుండా ఇంకేమన్నా తీసుకుంటున్నావా పెద్దాయనా అని. నాయన "ఏం లేదు సారూ, గ్యాస్‌కు జెర్రంత సోడా, గంతే" అన్నాడు.

డాక్టర్ పెన్ను కింద పెట్టేశాడు. జెర్రంత అంటే ఎంత అని చెంచా సైజు అడిగి, ఎన్నిసార్లు అని అడిగి, సోడా ఎక్కువైతే పొటాషియం కూడా పడిపోతుందన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, కూరలో ఉప్పు తగ్గించి గ్లాసులో పోస్తున్నారు కదా అన్నాడు. బీపీ ఉన్నవాళ్లను ఉప్పు తగ్గించమనేది అందులోని సోడియం వల్ల. చదునుగా కొట్టిన ఒక చిన్న చెంచా సోడాలో సుమారు 1,260 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. పెద్దవాళ్లకు రోజు మొత్తం మీద 2,000 మిల్లీగ్రాములు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. నాయన రెండు చెంచాలతోనే అది దాటేస్తున్నాడు, అన్నం కూర లెక్కలోకి రాకముందే. పేరులోనే ఉంది, సోడా ఉప్పు అని. ఇరవై ఏళ్లుగా ఆ పేరు చెప్పి అమ్ముతున్నాం, ఒక్కరోజు కూడా అది ఉప్పని మాకు తట్టలేదు. అమ్మకైతే ఆ రోజు నుంచి నా మీద కూడా కోపమే, ఎదురుగా కూర్చుని ఏం చూస్తున్నవ్‌రా అని.

సోడా మానేశాక నెల తిరక్కుండా వాపు తీసింది. బీపీ కూడా దారికొచ్చింది, మాత్ర మార్చినందుకా, సోడా మానినందుకా అంటే రెండూ అన్నాడు డాక్టర్. మంటకు వేరే మాత్ర కొన్నాళ్లు రాశాడు, రాత్రి అన్నం ఎనిమిదిలోపు షాపులోనే తినమన్నాడు, తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చొద్దన్నాడు. ఈ చివరిదే ఎక్కువ పనిచేసింది. మిర్చీలు మాత్రం మానలేదు, నాలుగు పోయి రెండయ్యాయి.

కాబట్టి మీ మొదటి ప్రశ్నకు: రోజూ వద్దు. బీపీ, గుండె, కిడ్నీ, లివర్ జబ్బు ఏదీ లేని పెద్దవాళ్లు ఎప్పుడో పెళ్లి భోజనం తిన్నాక మంటగా ఉంటే అర చెంచా సోడా అర గ్లాసు నీళ్లలో పూర్తిగా కరిగాక, పొంగు చల్లారాక తాగితే ఏం కాదు. కానీ కడుపు పగిలేలా తిన్న వెంటనే మాత్రం తాగొద్దు, నిండు కడుపులో గ్యాస్ ఒక్కసారిగా పుడితే కడుపు చిరిగిన సందర్భాలు అరుదుగానైనా ఉన్నాయి. వేరే మాత్రలకు దీనికి రెండు గంటలన్నా ఎడం ఉండాలి. చిన్నపిల్లలకు పోయకండి, గర్భిణులు డాక్టర్‌ని అడగకుండా తాగకండి. రెండు వారాలైనా మంట పోకపోతే సోడాతో తేలే వ్యవహారం కాదది. ఈనో లాంటి నురగ పొడి తాగుతున్నా సోడా కాదులే అనుకోకండి, పాకెట్ వెనక స్వర్జిక్షార అని రాసుంటుంది చూడండి, అది ఇదే.

ఇంకొకటి, ఇది గట్టిగా చెప్తున్నా. ఛాతీ బరువుగా ఉండి చెమటలు పడుతుంటే, నొప్పి దవడకో ఎడమ చేతికో పాకుతుంటే సోడా కలుపుతూ కూర్చోవద్దు, 108కి ఫోన్ చెయ్యండి. మా వీధిలోనే ఒకాయన గ్యాస్ అనుకొని రెండు గ్లాసులు సోడా తాగి తెల్లారేదాకా ఆగాడు, అది గుండెపోటు. బతికాడు, కానీ ముందులా నడవలేడు.

కిడ్నీ పేషెంట్లకు డాక్టర్లే సోడా మాత్రలు ఇస్తారు కదా అని నన్ను చాలామంది అడిగారు. ఇస్తారు, నిజమే, రక్తంలో ఆమ్లం పెరిగితే పరీక్ష చేసి, లెక్కగట్టి ఇస్తారు. అది చూసి పక్కింటాయన చెంచాతో కొలుచుకుంటే అదే కిడ్నీ మీదికి వస్తుంది.

ఇంటి పనుల్లోకి వస్తే సోడా బంగారం, తాగకపోతే చాలు. పాలు మాడి అడుగున నల్లగా అట్టకట్టిన స్టీలు గిన్నె ఉందనుకోండి, అడుగు మునిగేటట్టు నీళ్లు పోసి రెండు చెంచాల సోడా వేసి పది నిమిషాలు మరగనివ్వండి, అంచుల దగ్గర నల్ల పెచ్చు దానంతటదే లేస్తుంది. పొయ్యి ఆపి గంట వదిలేసి చెక్క గరిటెతో నెడితే ముక్కలు ముక్కలుగా ఊడొస్తుంది. సత్తు గిన్నెకు మాత్రం ఇది చెయ్యకండి, అల్యూమినియం నల్లబడుతుంది, అమ్మ గిన్నె ఒకటి అట్లా పాడుచేసి తిట్లు తిన్నా.

మా దిక్కు బోరు నీళ్లకు కందిపప్పు ఉడకదు, తెలిసిందే. కుక్కర్ ఆరు కూతలు కూసినా గింజ గింజగానే ఉంటుంది, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పును బిగబట్టేస్తాయి. చిటికెడు సోడా వేస్తే మెత్తబడుతుంది, కానీ బీ1 విటమిన్ దెబ్బతింటుంది, కొంచెం ఎక్కువైతే సబ్బు రుచి. అమ్మ ఇప్పుడు సోడా మానేసి మిషన్ భగీరథ పథకంలో వచ్చే నల్లా నీళ్లు ఒక బిందె పప్పుకూ చాయకూ పక్కన పెడుతుంది. బజ్జీల పిండిలో కూడా చిటికెడే, ఎక్కువేస్తే గుల్లగా వస్తాయనుకుంటారు కానీ నూనె పీల్చేసి ఎర్రగా, ముద్దగా అయిపోతాయి.

ద్రాక్ష, యాపిల్ లాంటివి పురుగుల మందు కొట్టి వస్తాయి కదా, లీటరు నీళ్లలో రెండు చిన్న చెంచాల సోడా కలిపి పావుగంట నానబెట్టి కడగండి. 2017లో అమెరికాలో మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్లు యాపిల్స్ మీద ఇదే చేసి చూశారు, పైతొక్క మీద ఉన్న రెండు రకాల మందులు ఒట్టి నీళ్లకంటే బాగా పోయాయి. తొక్క దాటి లోపలికి దిగింది పోలేదు. ఫ్రిజ్‌లో వాసనకు మూత లేని గిన్నెలో పెట్టుకోవచ్చు, కుళ్లిన కొత్తిమీర కట్ట లోపలుంటే సోడా ఏం చేస్తుంది, ముందు అది తీయండి. మూకుడులో నూనెకు నిప్పంటుకుంటే నీళ్లు పొయ్యకుండా, ముందు పొయ్యి ఆపి మూత పెట్టండి. మంట చిన్నదైతే గుప్పిళ్లకొద్దీ సోడా చల్లినా ఆరుతుంది.

ఇక పనిచెయ్యని చోటు. బోరు నీళ్లతో నల్లాలకు, హీటర్ రాడ్‌కు పట్టే తెల్ల గారకు సోడా పొయ్యడం దండగ. ఆ గార ఎక్కువగా సున్నం లాంటిదే, దానికి పులుపు కావాలి, నిమ్మ ఉప్పు నీళ్లలో రాత్రంతా ఉంచితే కరుగుతుంది. జడ్చర్లలో ఉండే మా అక్క వీడియో చూసి సోడా, వెనిగర్ ఒకే సీసాలో కలిపి దాచుకుంది. పొంగడం చూసి మురిసిపోయింది పాపం. పొంగిందంటే రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నట్టే, మిగిలింది దాదాపు ఉప్పు నీళ్లు. సీసా మూత బిగించి ఉంటే పేలేది కూడా.

గారపళ్లకు సోడా రుద్దితే పోతాయా అని ఫ్లోరైడ్ నీళ్లకు పేరుపడ్డ మర్రిగూడ వైపు నుంచి వచ్చే పిల్లలు అడుగుతారు, పెళ్లి సంబంధాల టైంలో మరీను. చాయ మరక, గుట్కా మరక అయితే కొంత పోతుంది. ఫ్లోరైడ్ మచ్చ చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడే దాని పైపొర పింగాణీలో కలిసిపోయింది, పైన రుద్దితే రాదు, పంటి డాక్టరే చూడాలి. నిమ్మరసం కలిపి రుద్దేవాళ్లున్నారు, ఆ పులుపుకు పన్నే అరిగిపోతుంది. నీళ్లలో ఫ్లోరైడ్ కూడా సోడాతో పోదు, కాచినా పోదు. నీళ్లలో ఫ్లోరైడ్ తీయడానికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి తయారు చేసిన, మన జిల్లా పేరే పెట్టిన నల్లగొండ పద్ధతిలో కూడా వాడేది పటిక, సున్నం. చంకల్లో వాసనకు పూసుకుంటే వాసన తగ్గుతుంది కానీ చాలామందికి మంట, ఎర్ర దద్దు వస్తాయి, చర్మానిది కొంచెం పులుపు గుణం, సోడాది దానికి ఎదురు. మొహానికి అసలే వద్దు.

బరువు తగ్గడమంటారా, తగ్గదు. సోడియం నీళ్లు పట్టి ఉంచితే ముల్లు పైకే పోతుంది. సోడా తాగితే రక్తంలో పులుపు గుణం తగ్గి క్యాన్సర్ పోతుందని వాట్సాప్‌లో తిరిగేది కూడా నమ్మకండి, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు మామూలుగా ఏం తిన్నా రక్తం తన పీహెచ్‌ని, అంటే పులుపు ఎంతుందో చెప్పే కొలతని, 7.35 నుంచి 7.45 మధ్యే ఊపిరితిత్తులతో, కిడ్నీలతో పట్టుకొని ఉంటుంది.

మీ ఇంట్లో ఉన్న సోడాలో జీవం ఉందో లేదో చూడాలంటే చెంచాలో కొంచెం తీసుకుని నాలుగు చుక్కలు నిమ్మరసం వెయ్యండి, పొంగకపోతే బజ్జీలకు పనికిరాదు, సింకు తోమడానికి పెట్టుకోండి. మా షాపులో డబ్బా ఇప్పుడు పై అరలో ఉంది, స్టూలు వేసుకుంటే తప్ప అందదు. నాయనకు మోకాళ్ల నొప్పులు, స్టూలెక్కడు. నిన్న మాత్రం నేను బయటికి పోయొచ్చేసరికి గల్లా మీద ఒక నిమ్మ చెక్క కనిపించింది. అడిగితే చాయలోకి అన్నాడు.