కొత్తగా బటర్‌ఫ్లై నైఫ్ తిప్పడం నేర్చుకోవాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

తమ్ముడూ, పాలకొల్లు దగ్గర ఉంటానని, డిగ్రీ ఫస్టియర్ అని, గేమ్‌లోనూ వీడియోల్లోనూ చూసి బటర్‌ఫ్లై నైఫ్ మీద, అంటే రెండు పిడులు చెరోవైపు తిరిగి, మూస్తే బ్లేడ్‌ని తమ మధ్య దాచుకునే మడత కత్తి మీద, మనసు పడిందని రాశావు. ఏది కొనాలి, ముందు ఏ ట్రిక్ పట్టుకోవాలి, చెయ్యి తెగుతుందని భయంగా ఉంటే ఏం చెయ్యాలి, ఇంట్లో ఏం చెప్పాలి అని అడిగావు. నాది రాజోలు వైపు, మొబైల్ రిపేర్ షాపులో పని, చాలా ఏళ్లుగా తిప్పుతున్నాను. కాస్త పొడుగ్గానే రాస్తాను, ఓపిగ్గా చదువు.

ముందుగా, పదునున్నది కొనకు. దెబ్బ తగులుతుందనే సంగతి అలా ఉంచు, అసలు నేర్చుకోవడానికే అది పనికిరాదు. చేతిలో పదును ఉందని తెలిస్తే వేళ్లు వాటంతటవే బిగుసుకుంటాయి, వేళ్లు బిగిస్తే మణికట్టు తిరగదు, మణికట్టు తిరగకపోతే ఈ విద్యలో ఏదీ రాదు. దీనికోసమే ట్రైనర్ అని విడిగా దొరుకుతుంది. పిడులు అవే, పొడవు అదే, బరువూ దాదాపు అంతే, బ్లేడ్ మాత్రం మొండిది, చాలావాటికి మధ్యలో బెజ్జాలు ఉంటాయి. నీ భయానికి మందు కూడా అదే. అమలాపురంలో దసరాకి చెడీ తాలింఖానా, అదే కర్రసాము, కత్తిసాము ప్రదర్శన, ఎప్పుడైనా చూశావా? కళ్లకి గంతలు కట్టుకుని కత్తితో కూరగాయలు నరుకుతుంటే జనం ఊపిరి బిగబట్టి చూస్తారు. కర్ర తిప్పడం బాగా ఒంటబట్టాకే ఎవరి చేతికైనా అక్కడ కత్తి వచ్చేది. నువ్వూ ఆ వరసలోనే రా.

ట్రైనర్ కొనేటప్పుడు రంగు, డిజైన్ చూడకు. బరువు 100 నుంచి 150 గ్రాముల మధ్య ఉందో లేదో చూడు. మరీ తేలికైతే పిడి ఎక్కడుందో చేతికి తెలియదు, ఊపు కూడా అందుకోదు. దువ్వెన బిగించినవి, సీసా మూత తీసే ఓపెనర్ బిగించినవి కూడా అమ్ముతుంటారు, వాటిలో చాలావాటికి బరువు సరిగ్గా కుదరదు, సరదాకి తప్ప వాటిమీద డబ్బు పెట్టొద్దు. చేతికి రాగానే ఒక పిడి పట్టుకుని రెండోది వదిలి చూడు. దాని బరువుకి అదే జారి ఊగాలి, పక్కలకి మాత్రం లొడలొడ ఆడకూడదు. ఈ రెండూ ఉంటే చాలు, ఖరీదైనది అక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం. రెండు పిడుల్లో ఒకటి సేఫ్ హ్యాండిల్, రెండోది బైట్ హ్యాండిల్. మూసినప్పుడు బ్లేడ్ పదును వైపు ఏ పిడిలోకి దిగుతుందో అది బైట్, వెనకవైపు దిగేది సేఫ్. సేఫ్ పట్టుకుని తిప్పితే వేళ్లకి తగిలేది మొద్దు వైపు, బైట్ పట్టుకుని తిప్పితే నేరుగా పదునే వచ్చి వేళ్లమీద పడుతుంది. లాచ్, అంటే కింద రెండు పిడుల్ని కలిపి ఉంచే చిన్న గొళ్లెం, ఎక్కువగా బైట్ హ్యాండిల్‌కే ఉంటుంది, కానీ లాచ్ లేని ట్రైనర్లూ ఉన్నాయి కాబట్టి దాన్నే నమ్ముకోకు. మీ అక్క దగ్గరో చెల్లి దగ్గరో ఎర్ర గోళ్లరంగు తీసుకుని బైట్ హ్యాండిల్ చివర ఒక చుక్క పెట్టు. ట్రైనర్‌కి పదును లేదు కదా ఏది పట్టుకుంటే ఏంటి అనిపిస్తుంది. అనిపించినా సరే, ఎర్రచుక్క ఉన్న పిడి చేతిలోకి వస్తే ఆగిపో, మార్చుకుని మళ్లీ మొదలుపెట్టు. కొన్నాళ్లకి చుక్క చూడకుండానే ఏ పిడి చేతిలో ఉందో తెలిసిపోతుంది. ఈ తెలివిడి లేకుండా నేర్చుకున్న ట్రిక్ ఎంత అందంగా ఉన్నా నా లెక్కలో అది రానట్టే.

మొదటి ట్రిక్ బేసిక్ ఓపెన్. లాచ్ తీసి, రెండు పిడులూ కలిపి, పివట్లు, అంటే బ్లేడ్‌కి పిడులు బిగించిన కీలు, పైకి ఉండేలా పట్టుకో. సేఫ్ హ్యాండిల్ బొటనవేలికీ మిగతా వేళ్లకీ మధ్య ఉండాలి. బైట్ హ్యాండిల్ వదిలేసి ముందుకి ఒక విసురు. అదీ బ్లేడూ పైనుంచి తిరిగి వేళ్ల వెనక్కి వచ్చి తగులుతాయి. అక్కడ మణికట్టుని అరచెయ్యి పైకి కనబడేలా తిప్పు, తిప్పేటప్పుడు సేఫ్ హ్యాండిల్ బొటనవేలి కింద కొంచెం దొర్లాలి. మళ్లీ ఇంకో విసురు, బైట్ హ్యాండిల్ తిరిగొచ్చి సేఫ్ పక్కన చేరుతుంది, వేళ్లు మూసెయ్. మూడే కదలికలు. ఒక్కొక్కటి చేసి ఆగు, చేతిలో ఏది ఎక్కడుందో చూడు, తర్వాతది చెయ్యి. కొత్తవాళ్ల దగ్గర నేను ఎక్కువగా గమనించింది ఏంటంటే, సేఫ్ హ్యాండిల్‌ని పిడికిలి నిండా బిగించి మొత్తం చెయ్యి ఊపేస్తారు. మోచెయ్యి డొక్కకి ఆనించి ఉంచు. పని మణికట్టుది, ఆ దొర్లుడు బొటనవేలిది. కదలిక సరిగ్గా ఉంటే పిడులు కలిసినప్పుడు టక్‌మని ఒకే శబ్దం వస్తుంది, రెండు మూడు చిన్న చప్పుళ్లు వస్తుంటే బలం ఎక్కువ పెడుతున్నావని అర్థం.

అది చేతికి ఎక్కాక అదే వెనక్కి, అంటే మూయడం. ఆ తర్వాత చెయ్యి అడ్డంగా పెట్టి తెరవడం, తర్వాత చూపుడువేలి చుట్టూ పిడి ఒక పూర్తి చుట్టు తిరిగి మళ్లీ చేతిలోకి వచ్చే ఇండెక్స్ రోలోవర్. నువ్వు వీడియోల్లో చూసి ఆగిపోయిన వాటిలో సగం ఈ నాలుగింటిని కలిపి అల్లినవే. గాల్లోకి ఎగరేసి పట్టుకునే ఏరియల్స్ ఇప్పుడే వద్దు, వాటి దగ్గరికి నీ చెయ్యే తీసుకెళ్తుంది.

కింద పడుతుంటే పట్టుకోకు. ఈ ఒక్క అలవాటు మొదటి రోజు నుంచే చేసుకో. మామూలుగా చేతిలోంచి ఏది జారినా చెయ్యి దానికోసం వెళ్తుంది, ఇక్కడ చెయ్యి వెనక్కి తీసుకోవాలి, కాలు కూడా పక్కకి తీసుకోవాలి. ట్రైనరే కదా అని పట్టుకోవడం అలవాటైతే రేపు వంటింట్లో కత్తిపీట పక్కన చాకు జారినా అలాగే పట్టుకుంటావు. మంచం మీదుగా చెయ్ చాపి తిప్పు, లేదా పీచు చాప మీద నిలబడు, కాళ్లకి చెప్పులు ఉండాలి. టైల్స్ మీద పడితే పివట్ దగ్గర పిన్నులు వంగుతాయి, టైలూ పగులుతుంది. చిన్నపిల్లలు దగ్గర తిరుగుతుంటే అసలు బయటికి తియ్యకు.

మన వైపు వాతావరణం సంగతి వీడియోల్లో ఎవరూ చెప్పరు. ఇక్కడి ఉక్కకి అరచెయ్యి ఎప్పుడూ తడిగానే ఉంటుంది, కరెంటు పోయి ఫ్యాన్ ఆగితే ఇక చెప్పక్కర్లేదు, పక్కన పాత తువ్వాలు పెట్టుకుని మాటిమాటికీ తుడుచుకో. పౌడర్ రాసుకోకు, ఇంకా జారుతుంది. నరసాపురం, అంతర్వేది వైపు ఉప్పుగాలికి స్టీలు తొందరగా తుప్పు పడుతుంది కాబట్టి తిప్పడం అయ్యాక పొడిగుడ్డతో తుడిచి, పివట్లలో కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వెయ్యి. ఇంట్లో ఉంది కదా అని కొబ్బరినూనె వెయ్యకు, ధనుర్మాసం పొద్దుటపూట అది పేరుకుని పిడి కదలదు, దుమ్ము కూడా పట్టి జిడ్డవుతుంది. స్క్రూలు వదులవుతుంటాయి, ఇది ప్రతి ట్రైనర్‌కీ ఉండేదే. ఎక్కువగా నక్షత్రం ఆకారం తలతో టార్క్స్ స్క్రూలు ఉంటాయి, సరైన సైజు బిట్ లేకుండా తిప్పితే తల అరిగిపోతుంది. మళ్లీమళ్లీ వదులవుతుంటే ఆ స్క్రూ తీసి, దాని మరల మీద నూనె లేకుండా తుడిచి, నీలం రంగు థ్రెడ్‌లాకర్, అంటే స్క్రూ వదులవకుండా పట్టి ఉంచే జిగురు, చిన్న చుక్క పెట్టి బిగించు. ఎర్రది మాత్రం వాడకు, వేడి చేస్తే తప్ప ఊడదు.

చట్టం గురించి నువ్వు అడగలేదు కానీ చెప్పాల్సిందే. 1959 ఆయుధాల చట్టం కింద వచ్చిన నిబంధనల్లో, 9 అంగుళాలకి మించిన పొడవు, లేదా 2 అంగుళాలకి మించిన వెడల్పు బ్లేడ్ ఉండి, ఇంటి, వ్యవసాయం లాంటి పనులకి ఉద్దేశించని కత్తి ఆయుధాల జాబితాలో ఉంది, ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రాంతాల్లో దానికి లైసెన్స్ కావాలి. మామూలు బటర్‌ఫ్లై నైఫ్ బ్లేడ్ దానికంటే చాలా చిన్నది. అంతమాత్రాన జేబులో వేసుకుని తిరగొచ్చని అనుకోకు. మొండిదైనా దూరం నుంచి చూసేవాడికి అది కత్తే, కాలేజీకి, బస్సులోకి, తీర్థానికి తీసుకెళ్తే నువ్వు చెప్పేది వినే ఓపిక ఎవరికీ ఉండదు. పైగా మన జిల్లాల్లో సంక్రాంతి దగ్గరపడితే కోడికత్తుల కోసం సోదాలు జరుగుతుంటాయి, ఆ రోజుల్లో మరీ జాగ్రత్త. ట్రైనర్ ఇల్లు దాటకూడదు. విమానంలో చేతి బ్యాగులో పెట్టకు. రేపు పై చదువులకి యూకే వెళ్తే అసలు ఇక్కడే వదిలేసి వెళ్లు, బటర్‌ఫ్లై నైఫ్ అమ్మకాల మీద అక్కడ 1988 నుంచే నిషేధం ఉంది, ఇప్పుడు ఇంట్లో ఉంచుకోవడం కూడా నేరమే.

ఇంట్లో దాచిపెట్టి నేర్చుకోవద్దు. పార్సిల్ వచ్చిన రోజే అమ్మ ముందు విప్పి, బ్లేడ్ అంచు నీ అరచేతి మీద గట్టిగా రుద్ది చూపించు, తర్వాత ఆవిడ చేతికివ్వు. నాన్నగారికి ఆవిడే చెబుతుంది. ఇది రౌడీల సరుకని ఎవరైనా అంటే ఫిలిప్పీన్స్ సంగతి చెప్పు. అక్కడ బటాంగస్ ప్రావిన్స్‌లో తాల్ పట్టణం పరిధిలో బలిసాంగ్ అనే ఊరే ఉంది, ఈ కత్తికి అక్కడ అదే పేరు. మన కమ్మరులు కొడవళ్లు చేసినట్టు అక్కడివాళ్లు తరతరాలుగా వీటిని చేస్తున్నారు, జనం మామూలు పనులకి వాడుకుంటారు. ఒక్క చేత్తో తెరవొచ్చు, ఒర అక్కర్లేదు, దాని ఉపయోగం అది.

పదునున్నదానికి ఎప్పుడు మారాలి అని తర్వాత అడుగుతావు. నా మాట అడిగితే మారక్కర్లేదు. చేతి నైపుణ్యం మొత్తం ట్రైనర్‌తోనే ఉంది, పదును కలిపేది ప్రమాదమొక్కటే. ట్రైనర్‌తో కూడా చర్మం గీరుకుపోవడం, కణుపులు కమలడం ఉంటాయి, కుళాయి నీళ్లతో సబ్బుతో కడిగితే సరిపోతుంది. ఎవరికైనా దేంతోనైనా లోతుగా తెగితే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమిపట్టి చెయ్యి పైకెత్తి ఉంచాలి, పసుపూ కాఫీపొడీ అద్దకూడదు. గాయం నోరు తెరుచుకున్నా, వేలి చివర తిమ్మిరిగా ఉన్నా, వేలు వంగకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, నరమో, వేలిని వంచే తాడో తెగిందేమో డాక్టరే చూడాలి. టీటీ ఇంజెక్షన్ ఎప్పుడు వేయించుకున్నావో కూడా అడుగుతారు.

ఎడమచెయ్యి కూడా నేర్పించు, కుడిచెయ్యి నొప్పెట్టినప్పుడు ఖాళీగా కూర్చోనక్కర్లేదు. ఒక్కసారే గంటలకొద్దీ కాకుండా పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు చెయ్యి, మణికట్టు లాగుతుంటే ఆ పూటకి ఆపెయ్. ట్రైనర్ వచ్చాక స్క్రూ తల దగ్గరగా ఫోటో తీసి ఇక్కడే పెట్టు, ఏ సైజు బిట్ పడుతుందో చూసి చెబుతాను.