రేసు కారు సెటప్ నేర్చుకోవాలంటే ఏరోనాటికల్ చదవాలా?

ప్రశ్న: మాది గాజువాక. అమ్మాయి మధురవాడ వైపు ఒక కాలేజీలో మెకానికల్ మూడో ఏడాది చదువుతోంది. కాలేజీ ఫార్ములా కారు టీమ్‌లో సస్పెన్షన్ పని తనదే. ఈ ఏడాది కారుకు ముందూ వెనకా రెక్కలు పెడుతున్నారట. రేసు కార్ల సెటప్ ఇంజినీర్ అవుతానంటోంది. దానికి ఏరోనాటికల్ చదవాలా? మన దగ్గర ఉద్యోగాలు ఉన్నాయా? గేట్ రాయమంటే ‘అది వేరే దారి నాన్నా’ అంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఏరోనాటికల్‌కు మారే పనేమీ లేదండీ. మెకానికల్ సరిపోతుంది. సెటప్ పనికి, అంటే ట్రాక్‌కూ డ్రైవర్‌కూ తగ్గట్టు కారును సర్దడానికి, ముఖ్యంగా కావలసినవి రెండే సబ్జెక్టులు. ఫ్లూయిడ్ మెకానిక్స్ (గాలి, నీళ్ల ప్రవాహాల శాస్త్రం) ఎలాగూ సిలబస్‌లో ఉంది. వెహికల్ డైనమిక్స్ (బండి కదలికల శాస్త్రం) కొన్ని కాలేజీల్లో ఎలక్టివ్‌గా ఉంటుంది, లేకపోతే టీమ్‌లో పనిచేస్తూ నేర్చుకోవచ్చు. గాలి పాఠం విమానాల దగ్గరే నేర్చుకోవాలని లేదు. మన విశాఖలో నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ వాళ్లు పొడవాటి నీటి తొట్టిలో ఓడల నమూనాలు లాగి కొలిచేదాని వెనకా ఇదే శాస్త్రం ఉంది.

పనికి తీసుకునేవాళ్లు డిగ్రీ పేరు కంటే ఒక్క సంగతి పట్టి చూస్తారు. కారు మలుపులో మాట వినకపోతే, తప్పు టైరుదా, గాలిదా అని ఈ అమ్మాయి లెక్కతో చెప్పగలదా? అదెలా ఉంటుందో కాస్త వివరంగా రాస్తాను. ఈ భాగం తనకి చూపించండి. మీరూ చదవండి, రాత్రి పదింటిదాకా వర్క్‌షాపులో ఏం చేస్తోందో తెలుస్తుంది.

అమ్మా, నీ కారు డ్రైవర్‌తో కలిపి 280 కిలోలు అనుకుందాం. రెక్కల బలాన్ని చెప్పే అంకె, అంటే లిఫ్ట్ కోఎఫిషెంట్‌ను వైశాల్యంతో గుణిస్తే వచ్చేది, 3 చదరపు మీటర్లు అనుకో. గంటకు 40 కిలోమీటర్ల దగ్గర ఆ రెక్కలు కారును సుమారు 23 కిలోల బరువుతో కిందికి నొక్కుతాయి, ఆ నొక్కుడుతోనే టైరు పట్టు పెరుగుతుంది. వేగం రెట్టింపైతే బలం నాలుగింతలు కాబట్టి 80 దగ్గర అది 91 కిలోలు. స్కిడ్‌ప్యాడ్‌లో (చిన్న వలయాల్లో తిప్పే పరీక్షలో) నువ్వుండేది ఆ 40 చుట్టుపక్కలే. అక్కడ దక్కే 23 కిలోల నొక్కుడు కోసం రెక్కలు, వాటి ఊచలు కలిసి పది కిలోల బరువు, అదీ ఎత్తున, మోసుకు తిరగాలి. అక్కడ లాభం తక్కువ. వేగం నిలిచే మలుపుల్లోనే రెక్క తన ఖర్చు తిరిగి ఇస్తుంది.

రెక్క ఎంత నొక్కుతోందన్న దానికంటే ఎక్కడ నొక్కుతోందన్నదే ముఖ్యం. నిలబడి ఉన్నప్పుడు బరువులో 48 శాతం ముందు చక్రాల మీద ఉందనుకో, అంటే 134 కిలోలు. రెక్కల నొక్కుడులో మాత్రం 35 శాతమే ముందు పడుతోందనుకో. 80 దగ్గర ముందుకు 32, వెనక్కి 59 కిలోలు చేరతాయి. మొత్తం 371లో ముందు వాటా 166, అంటే 45 శాతం లోపే. నెమ్మది మలుపులో చక్కగా తిరిగిన కారు వేగంగా వెళ్లేసరికి ముక్కు బయటికి తోస్తుంది. చాలా టీమ్‌లు ఇక్కడే పొరబడతాయి. ‘అండర్‌స్టీర్ వస్తోంది’ (ముక్కు బయటికి తోస్తోంది) అనగానే ముందు చక్రాల యాంటీ రోల్ బార్‌ను, అంటే మలుపులో కారు పక్కకి ఒరగకుండా ఆపే కడ్డీని, మెత్తబరుస్తారు. వేగపు మలుపులో కొంచెం కుదురుతుంది కానీ నెమ్మది మలుపులో వెనకభాగం జారడం మొదలవుతుంది. అక్కడ తిప్పాల్సింది ముందు రెక్క ఫ్లాప్ (కోణం మార్చగల పలక).

అందుకే డ్రైవర్ దిగగానే మూడు ప్రశ్నలు వెయ్యి. ఏ మలుపులో? బ్రేకు వేస్తున్నప్పుడా, మలుపు మధ్యలోనా, గ్యాస్ ఇస్తున్నప్పుడా? అప్పుడు స్పీడెంత? అన్ని వేగాల్లోనూ మలుపు మధ్యలో తోస్తుంటే బార్లు, స్ప్రింగులు, క్యాంబర్ (చక్రం నిలువు నుంచి వాలిన కోణం) చూడు. వేగంలోనే తోస్తుంటే ఏరో, అంటే రెక్కల సంగతి, చూడు. మలుపులోకి దూరేటప్పుడే తేడాగా ఉంటే డ్యాంపర్లు (షాక్ అబ్జార్బర్లు), బ్రేక్ బయాస్ (ముందు వెనక చక్రాల మధ్య బ్రేకు పంపకం) చూడు.

బార్ ఎందుకు పనిచేస్తుందో కూడా తెలిసుండాలి. 1.4 జీ మలుపులో (కారును తన బరువుకు 1.4 రెట్ల బలం పక్కకి లాగే మలుపులో), గురుత్వ కేంద్రం 30 సెంటీమీటర్ల ఎత్తున, ట్రాక్ (ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం) 1.2 మీటర్లు ఉంటే, లోపలి చక్రాల నుంచి బయటి చక్రాలకు 98 కిలోలు మారతాయి. ఏ బార్ వేసినా ఈ మొత్తం దాదాపు మారదు. అందులో ముందు ఇరుసు ఎంత మోయాలి, వెనకది ఎంత మోయాలి అన్నదే బార్ తేలుస్తుంది. టైరు మీద బరువు రెట్టింపైతే పట్టు రెట్టింపు కాదు, కొంత తక్కువే వస్తుంది. అందుకే ఎక్కువ మార్పు మోసిన ఇరుసే ముందుగా పట్టు వదులుతుంది.

నీ రెక్క నిజంగా ఎంత నొక్కుతోందో తెలుసుకోవడానికి విండ్ టన్నెల్ దొరక్కపోయినా డ్యాంపర్ల మీద పొటెన్షియోమీటర్లు (కదలిక కొలిచే సెన్సర్లు) చాలు. చక్రం దగ్గర స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అయితే, 40 దగ్గర కారు దిగేది సగటున 2 మిల్లీమీటర్లు. అంత చిన్న కదలిక డ్యాంపర్ రాపిడిలోనే కలిసిపోతుంది. 80 దగ్గర 9 మిల్లీమీటర్ల దాకా వస్తుంది, దాన్ని నమ్మొచ్చు. కాబట్టి నున్నటి, తిన్నటి రోడ్డు మీద స్థిరమైన వేగంతో, ముందూ వెనకా విడివిడిగా కొలువు.

విశాఖలో ఇంకో చిక్కుంది. పొద్దెక్కితే సముద్రపు గాలి లేస్తుంది. 40లో వెళ్తున్న కారుకు గంటకు 10 కిలోమీటర్ల ఎదురుగాలి తగిలితే నొక్కుడు 56 శాతం పెరుగుతుంది, వెనకగాలి అయితే 44 శాతం తగ్గుతుంది. రెండు వైపులా నడిపి సగటు తీసుకున్నా 6 శాతం ఎక్కువే చూపిస్తుంది, ఎందుకంటే వేగం వర్గంలో ఉంది. ఉదయం 6 గంటలకే మొదలుపెట్టి, గాలి వేగం, దిక్కు రాసుకుంటూ ముగించెయ్యండి.

ట్రాక్‌కి వెళ్లేముందు కార్నర్ వెయిట్లు, అంటే ఒక్కో చక్రం మీద పడే బరువు, సరిచేసే క్రమం తప్పకూడదు. టైర్లలో గాలి సరిచూసి, డ్రైవర్‌ని కూర్చోబెట్టి, బార్ లింకు ఒక వైపు ఊడదీసి, రైడ్ హైట్ (నేల నుంచి కారు ఎత్తు), క్యాంబర్, ఆపైన దారంతో టో (చక్రాలు లోపలికో బయటికో తిరిగిన కోణం) చూసుకుని, చివర్న కాటాల మీదికి ఎక్కించాలి. కాటాల కింద నేల సమంగా లేకపోతే అంతా వృథా. ఒక్క చక్రం కింద 4 మిల్లీమీటర్ల ఎత్తు తేడా ఉంటే, పైన చెప్పిన స్ప్రింగులతో ఒక్కో చక్రం మీద రెండున్నర కిలోల తేడా వస్తుంది, క్రాస్ వెయిట్ (ఒక జత ఎదురు మూలల మీద పడే బరువు వాటా) దాదాపు 2 శాతం తప్పు చూపిస్తుంది. తాపీ మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం తెచ్చి నాలుగు కాటాల పైభాగాలూ ఒకే మట్టానికి తెండి. తక్కువైన చోట పలచటి రేకు ముక్కలు పెట్టండి. ఆటోనగర్‌లో ఏ షీట్ మెటల్ షాపులోనైనా మందం చెబితే కోసిస్తారు.

బరువు మార్చడానికి ఒకే మూల పెర్చ్ (స్ప్రింగ్ కూర్చునే మర) తిప్పితే రైడ్ హైట్ చెడుతుంది. ఒక జత ఎదురు మూలల్ని పావు చుట్టు పైకి, మిగతా జతని పావు చుట్టు కిందికి తిప్పాలి. చివర్లో బార్ లింకు తిరిగి బిగించేటప్పుడు బోల్టు వేలితో నెట్టితే దూరాలి. సుత్తితో దూర్చారంటే బార్‌లో ముందే మెలిక ఉన్నట్టే. అప్పుడు కారు ఎడమకి ఒకలా, కుడికి ఒకలా తిరుగుతుంది. డ్రైవర్‌ని తప్పుపట్టే ముందు ఆ బోల్టు చూడు.

టెస్టింగ్‌లో ఒక్కసారికి ఒక్క మార్పే చెయ్యి. మార్పు చేసే ముందే ‘ఇది ఎంత తేడా ఇవ్వాలి’ అని షీట్‌లో అంకె రాయి. మార్చి నడిపాక మళ్లీ పాత సెటప్‌కు వచ్చి ఇంకోసారి నడుపు, ఎందుకంటే ఈలోగా టైరు అరుగుతుంది, రోడ్డు వేడెక్కుతుంది. టైరు ఉష్ణోగ్రత సూది దింపే పైరోమీటర్‌తో లోపల, మధ్య, బయట మూడు చోట్ల కొలువు. పైపైన చూసే లేజర్ తుపాకీ, కారు పిట్‌కు వచ్చేసరికే చల్లారిన చర్మాన్ని చూపిస్తుంది. మధ్యభాగం వేడిగా ఉంటే గాలి ఎక్కువైనట్టు, లోపలి అంచు మిగతా రెండింటికంటే బాగా వేడెక్కితే నెగెటివ్ క్యాంబర్ ఎక్కువైనట్టు.

ఇక ఉద్యోగం గురించి మీతో, అండీ. ఉన్నదున్నట్టు చెప్తాను. మన దేశంలో రేసింగ్ జట్లలో ఏడాది పొడవునా జీతమిచ్చే ఇంజినీర్ కొలువులు కొన్నే. ట్రాక్‌లు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేన్ని: చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే, గ్రేటర్ నోయిడాలో బుద్ధ్ సర్క్యూట్. పని ఎక్కువగా సీజన్‌లోనే, మొదట్లో జీతం తక్కువ. కానీ ఇదే నైపుణ్యానికి కార్ల కంపెనీల వెహికల్ డైనమిక్స్ విభాగాల్లోనూ, టైర్ల కంపెనీల్లోనూ పని ఉంది. చెన్నై, పుణె, బెంగళూరు, హైదరాబాద్‌లలో ఉన్న ఆర్ అండ్ డీ కేంద్రాలకు సస్పెన్షన్ ట్యూనింగ్, టైరు డేటా చదవగలవాళ్లు కావాలి. ముందు అక్కడ చేరి, వారాంతాల్లో రేసింగ్ జట్టుకు డేటా పని చేయడం నేను చెప్పే దారి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ పక్కన ఫార్ములా ఈ చూసే ఉంటారు. ఆ కార్లు రెక్కల మీద పెద్దగా ఆధారపడవు, వాటిలో టైరు, బ్యాటరీ, సాఫ్ట్‌వేర్ వాటా ఎక్కువ. కాబట్టి పైథాన్ లేదా మ్యాట్‌ల్యాబ్ తప్పనిసరి. సీఎఫ్‌డీకి (కంప్యూటర్‌లో గాలి ప్రవాహాన్ని లెక్కకట్టడానికి) ఓపెన్‌ఫోమ్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం, రుసుము కట్టే కోర్సులో చేర్చనక్కర్లేదు.

విదేశాల్లో ఇంగ్లండ్‌లోని క్రాన్‌ఫీల్డ్, ఆక్స్‌ఫర్డ్ బ్రూక్స్‌లలో మోటార్‌స్పోర్ట్ ఎమ్మెస్సీ ఉంది. ఇటలీలో ఎమీలియా రొమాన్యా యూనివర్సిటీలు కలిసి ఇలాంటి మాస్టర్స్ నడుపుతున్నాయి. డిగ్రీ అయ్యీ కాగానే అప్పు చేసి పంపొద్దు. చదువయ్యాక అక్కడే నిలదొక్కుకోవాలంటే చివరికి వర్క్ వీసా ఇప్పించే యజమాని దొరకాలి. చేతిలో నిజమైన పని చూపించేదేమీ లేకుండా వెళ్తే అది కష్టం. ఒకటి రెండేళ్లు ఇక్కడ పనిచేశాక ఆలోచించండి.

గేట్ విషయంలో మీ ఇద్దరిలో ఎవరూ తప్పు కాదు. ఫ్లూయిడ్ మెకానిక్స్, ఇంజినీరింగ్ మెకానిక్స్, గణితం గేట్‌కూ, ఈ పనికీ ఒకటే. ఐఐటీ మద్రాస్‌లో ఇంజినీరింగ్ డిజైన్ విభాగం ఆటోమోటివ్ పని చేస్తుంది, అలాంటి చోటికి గేట్ తలుపు తీస్తుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో మాత్రం పోటీ, పరీక్ష ఒకదాని మీద ఒకటి పడతాయి. విద్యార్థుల కార్ల పోటీ ఫార్ములా భారత్ జనవరిలోనే ఉంటుంది. కారు డిసెంబరు మొదటి వారానికి నడిచే స్థితికి రావాలని టీమ్‌తో ఇప్పుడే తేల్చుకోమనండి.

ఇంటర్న్‌షిప్‌కు పంపే దరఖాస్తుతో పాటు తను పది పేజీల సెటప్ రిపోర్ట్ జతచేయాలి. ఒక సమస్య, ముందు వేసిన అంచనా, చేసిన మార్పు, లాగర్‌లో (కారు డేటా నమోదు చేసే పరికరంలో) వచ్చిన గీత, తప్పిన అంచనాకు కారణం అందులో ఉండాలి. కారు పక్కన నిలబడి దిగిన ఫొటోలు వద్దు. తప్పిన అంచనాలు దాచొద్దని చెప్పండి, ఇంటర్వ్యూలో ఎక్కువసేపు అడిగేది వాటి గురించే.