కారు పక్కనే కార్ఖానా: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: రిటైరయ్యాక చెక్కపని మొదలుపెట్టాను. కారు షెడ్డు 10 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవు. అందులోనే వ్యాగన్ఆర్ కూడా ఉండాలి. రంపాలు, ఉలులు, చిత్రికలు, రెండు డ్రిల్లులు అన్నీ అట్టపెట్టెల్లో ఉన్నాయి, ఏది కావాలన్నా నాలుగు పెట్టెలు దించాల్సిందే. మా వడ్రంగి గోడ పొడవునా రెండడుగుల లోతు అల్మారా కొట్టేద్దాం అంటున్నాడు. కారుకి గీత పడితే ఊరుకోనని మా ఆవిడ. ఏం చెయ్యమంటారు? (ఒక పాఠకుడు, కాకినాడ)

జవాబు: అల్మారా వద్దండీ. మీ ఆవిడ మాట వినండి.

ఆ తప్పు నేను చేసి ఉన్నాను కాబట్టి గట్టిగా చెబుతున్నా. రెండడుగుల లోతు అల్మారా, తలుపులతో సహా, ముచ్చటపడి చేయించుకున్నాను. తలుపు తెరిస్తే స్కూటరుకి తగిలేది, లోపల ముందు వరస తీస్తే గానీ వెనక వరస కనపడేది కాదు. ఒక వానాకాలం సొరుగు మూసి వదిలేస్తే ఉలులన్నీ ఎర్రగా తుప్పు పట్టి కూర్చున్నాయి. మీది సముద్రం ఊరు, ఇంకా తొందరగా పడుతుంది. అసలు మన పనిముట్లలో లావైనవి ఎన్ని ఉంటాయి చెప్పండి? రంపం మందం ఎంత, ఉలి మందం ఎంత? చిత్రిక కూడా పడుకోబెడితే జానెడు లోతు దాటదు. వాటికి రెండడుగుల గుహ ఎందుకు?

ముందు లెక్క చూద్దాం. వ్యాగన్ఆర్ వెడల్పు 1,620 మి.మీ., అంటే అద్దాలు కాకుండా 5 అడుగుల 4 అంగుళాలు. పొడవు 3,655 మి.మీ., దాదాపు 12 అడుగులు. పొడవులో మీకు 4 అడుగులు మిగులుతోంది, చివరి గోడకి రెండడుగుల పనిబల్ల వేసుకుని మిగతా రెండడుగుల్లో నిలబడొచ్చు, మడత బల్లల గొడవ లేదు. కారు బల్లని గుద్దకుండా చక్రం ఆగేచోట నేలకి ఓ దుంగ బిగించండి. వెడల్పులో 56 అంగుళాలు మిగిలాయా, డ్రైవరు దిగడానికి కుడివైపు 30 వదలండి. ఎడమ పక్క కూర్చునేవాళ్ళు షెడ్డు బయటే దిగిపోతారు కాబట్టి అటు 26 ఉంది. అద్దం పోగా కూడా 8 అంగుళాల లోతు సామాను ఎడమ గోడకి హాయిగా వేలాడుతుంది.

వేలాడదీయడానికి ఫ్రెంచ్ క్లీట్ అనే పద్ధతి మీకు సరిగ్గా సరిపోతుంది. పేరు చూసి కంగారు పడకండి, ఏటవాలుగా కోసిన రెండు చెక్క పట్టీలు, అంతే. 18 మి.మీ. ప్లైవుడ్డు 8×4 షీటు ఒక్కటి తెచ్చి 5 అంగుళాల వెడల్పు పట్టీలు కోయిస్తే తొమ్మిది వస్తాయి. ఒక్కోదాన్ని నడిమధ్యన, మర బ్లేడుని 45 డిగ్రీలు వంచి చీల్చితే 8 అడుగుల పట్టీలు పద్దెనిమిది. 16 అడుగుల గోడకి నాలుగు వరసలు వేసినా ఎనిమిదే పడతాయి, తక్కిన పది సామాను వెనక బిగించుకోవడానికి. ఇంట్లో మర లేకపోతే కోత మర ఉన్న టింబర్ డిపోలో అడగండి, కూలి తీసుకుని కోసిస్తారు. చెదలనీ తేమనీ తట్టుకోవాలంటే ఐ.ఎస్. 710 (మెరైన్ ప్లైవుడ్డు ప్రమాణం) అని ముద్ర ఉన్న ప్లైవుడ్డు మంచిది, ధర ఎక్కువే గానీ కొనేది ఒక్క షీటు కదా.

గోడ పట్టీని బిగించేటప్పుడు కోసుగా ఉన్న అంచు పైకీ బయటికీ ఉండాలి, ఏటవాలు గోడ వైపు దిగాలి. అప్పుడు గోడకీ పట్టీకీ మధ్య వి ఆకారం గాడి పడుతుంది. సామాను వెనక పట్టీని తలకిందులుగా బిగించి అందులో దించితే బరువు కొద్దీ బిగుసుకుంటుంది, పైకెత్తితే ఊడొస్తుంది. ఇవాళ ఇక్కడ పెట్టిన రంపాన్ని రేపు అటు జరుపుకోవచ్చు, గోడకి కొత్త చిల్లు అక్కర్లేదు. ఒక్క సంగతి మరిచిపోతారు చాలామంది: సామాను కింది భాగం వెనకాల కూడా 18 మి.మీ. ముక్క కొట్టాలి, లేకపోతే కిందంతా గోడ వైపు వాలిపోతుంది. ఆ మందం సందులోంచి గాలి ఆడుతుంది కాబట్టి గోడ చెమ్మ చెక్కకి అంటదు. అల్మారాలో లేని సుఖం అదే.

మీది ఇటుక గోడే అనుకుంటున్నాను. 8 మి.మీ. బిట్టుతో చిల్లు పెట్టి ప్లాస్టిక్ ప్లగ్గు దించి, 75 మి.మీ. స్క్రూ వెయ్యండి. చెక్క 18, ప్లాస్టరింగు ఓ 15 పోయినా ఇటుకలో 40 దాకా దిగుతుంది. ప్లాస్టరింగులో మాత్రమే పట్టుకున్న స్క్రూ ఏదో ఒక రాత్రి పెద్ద చప్పుడుతో, కారు మీదే, ఊడి పడుతుంది.

ఉలులకి అయస్కాంతం పట్టీ అందంగా ఉంటుంది కానీ నాకు నచ్చదు, ఇనుప రజను అంతా అంచుకి అంటుకుంటుంది. చెక్క పట్టీకి చీలికలు కోసి అందులో దించుకోండి, ముందు వైపు అడ్డంగా పలచటి రేకో చెక్కో పెడితే వేలు తెగదు. మేకులకీ స్క్రూలకీ ప్లాస్టిక్ డబ్బాలు తీసుకుని మూతల్ని అరకి అడుగున బిగించండి, ఒక్కో మూతకి రెండు స్క్రూలు, ఒక్కటే వేస్తే డబ్బా తిప్పినప్పుడు మూత కూడా గిర్రున తిరుగుతుంది. గాజు సీసాలు మాత్రం కారు పక్కన వద్దు.

నెలకోసారి కుట్టు మిషను నూనె గుడ్డకి అద్ది ఇనుము మీద తుడవండి. కొబ్బరి నూనె వద్దు, కొన్నాళ్ళకి జిగురు కడుతుంది. అట్టపెట్టెలు ఒక్కసారే ఖాళీ చెయ్యకండి. పది రోజులు పనిచేస్తూ ఏది తీశారో దాన్ని మాత్రమే గోడకి ఎక్కించండి, బల్ల దగ్గర గోడ వాటిదే.

ప్రశ్న: రేకుల షెడ్డులో పైన అర ఖాళీగా ఉంది. డ్రిల్లు బ్యాటరీలు, ఫెవికాల్ డబ్బాలు అక్కడ పెట్టొచ్చా? (ఒక పాఠకుడు, ఖమ్మం)

జవాబు: మే నెలలో మీ ఊళ్ళో రేకు కింద చెయ్యి పెట్టి చూడండి, జవాబు దానికదే దొరుకుతుంది. వేడికి లిథియం బ్యాటరీల ఆయుష్షు తగ్గిపోతుంది, జిగురు గట్టిపడుతుంది. రెండూ ఇంట్లో ఓ సొరుగులో పెట్టండి, ఛార్జింగు కూడా మీరు మెలకువగా ఉన్నప్పుడే. పైన క్లాంపులు, మిగిలిన ప్లైవుడ్డు ముక్కలు పెట్టుకోండి, వేడికి వాటికేం కాదు. థిన్నరు డబ్బా మాత్రం ఆ షెడ్డు గడప కూడా దాటనివ్వద్దు, కింద రంపపు పొట్టు ఉంటుందిగా.

ప్రశ్న: అన్నా, నాది ఒక కారు గరాజ్. మీరు చెప్పిన ప్లగ్గులు ఇక్కడి గోడకి పనిచేస్తాయా? (డాలస్ నుంచి)

జవాబు: చెయ్యవు తమ్ముడూ. అక్కడ గోడంటే జిప్సం బోర్డు, దాని వెనక కర్ర నిట్రాళ్ళు, మామూలుగా 16 అంగుళాలకొకటి, కొన్నిచోట్ల 24కి. స్క్రూ నిట్రాడులోకే దిగాలి. అవి ఎక్కడున్నాయో పసిగట్టే యంత్రం కొనక్కర్లేదు, చిన్న అయస్కాంతాన్ని గోడ మీద జరిపితే బోర్డు స్క్రూల దగ్గర టక్కున అంటుకుంటుంది, ఆ నిలువు గీతే నిట్రాడు. పైకప్పుకి అర వేలాడదీస్తానంటే ముందు గరాజ్ తలుపు పూర్తిగా ఎత్తి అది ఎంతవరకు వస్తుందో కొలుచుకో.